అలవాటున్న కులాలు: ఖైదీల మీద ఖైదీల కావలి

జైలు అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఎత్తయిన గోడ, గోడ మూలన బురుజు, బురుజు మీద తుపాకీతో సెంట్రీ. సినిమాలు మనకు అట్లాగే నేర్పాయి. కానీ ఆ సెంట్రీ చూసేది గోడను. పొద్దుగూకి బ్యారక్‌కు తాళం పడ్డాక లోపల ఎవరు మేలుకొని తిరుగుతారు? తలలు ఎవరు లెక్కపెడతారు? ఎవరు ఎవరి పక్కన పడుకోవాలో, నీళ్ల దగ్గర ఎవరు ముందు నిలబడాలో, పొద్దున్నే చీపురు ఎవరి చేతికి పోవాలో ఎవరు చెప్తారు? మన జైళ్లలో నూటయాభై ఏళ్లకు పైగా ఈ పని చాలావరకు చేసింది ఇంకో ఖైదీ. కాగితాల మీద అతను కన్విక్ట్ ఆఫీసరు. ఖైదీల నోట్లో మేటు.

ఈ మేటు ఎవరు, ఏ లెక్కన అతన్ని ఎంచారు, అతని కింద ఏ పని ఎవరి మీద పడింది అన్నది మన జైలు చరిత్రలో పక్కకు పోయిన ప్రశ్న. స్వాతంత్ర్యోద్యమ నాయకుల జైలు జ్ఞాపకాలు మనకు కొల్లలుగా ఉన్నాయి. వాటిల్లో నిరాహారదీక్షలుంటాయి, చదివిన పుస్తకాలుంటాయి, సహచరులతో వాదోపవాదాలుంటాయి. తమ పాయిఖానా ఎవరు ఎత్తిపోశారో రాసినవాళ్లు తక్కువ.

జైలు సంస్కరణల గురించి మాట్లాడేవాళ్ల నోట ‘డైరెక్ట్ సూపర్‌విజన్’ అనే మాట వినబడుతూ ఉంటుంది. అమెరికాలో పుట్టిన పద్ధతి అది. అక్కడి పాత జైళ్లలో పొడుగాటి వరండా, దాని వెంబడి గదులు. గార్డు అప్పుడప్పుడూ నడిచిపోతూ ఊచల్లోంచి చూస్తాడు. అతను దాటిపోయాక ఆ గదిలో బలవంతుడిదే రాజ్యం. 1974-75లో న్యూయార్క్, షికాగో, శాన్‌డియేగో నగరాల్లో ఫెడరల్ ప్రభుత్వం తెరిచిన కొత్త జైళ్లలో ఈ ఏర్పాటును మార్చారు. 1981లో కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీ జైలు ఇదే దారి పట్టి, స్థానిక జైళ్లకు నమూనా అయింది. గదులన్నీ ఒక హాలు చుట్టూ ఉంటాయి. నలభై యాభై మంది ఖైదీల నడుమ, ఊచలూ అద్దాలూ అడ్డం లేకుండా, ఒక ఆఫీసరు తన డ్యూటీ అంతా అక్కడే గడుపుతాడు. దీనివల్ల కొట్లాటలు తగ్గాయని అక్కడి అధికారులూ పరిశోధకులూ చెప్పారు. ఈ పద్ధతి వెనక ఉన్న తర్కం తేలిక: ఖైదీల మధ్య పెత్తనం చేసే చోటు ఖాళీగా వదిలితే దాన్ని ఇంకో ఖైదీ ఆక్రమిస్తాడు, కాబట్టి ఆ చోట్లో సర్కారు మనిషే కూచోవాలి.

మన దగ్గర జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. సర్కారే ఆ చోటును ఖైదీకి అప్పజెప్పి, అందుకు చట్టం కూడా రాసిపెట్టింది. ఈ దేశంలో ఖైదీకి అప్పజెప్పడమంటే కులానికి అప్పజెప్పడమే. ఇది ఎట్లా జరిగిందో చూద్దాం.

ఓడెక్కిన ఖైదీలు

కథ మొదలయ్యేది మన గడ్డ మీద కాదు. ఈస్టిండియా కంపెనీ 1787 నుంచి మన ఖైదీలను సుమత్రా దీవిలోని బెంకూలెన్‌కు ఓడల్లో పంపింది. ఆ తర్వాత పెనాంగ్‌కు, సింగపూర్‌కు పంపింది. ద్వీపాంతరవాసం అంటే జనం నోట్లో కాలాపానీ అయింది గానీ, అండమాన్‌కు ముందే ఇంత చరిత్ర ఉంది. బెంకూలెన్ డచ్చివాళ్లకు దక్కడంతో అక్కడున్న మన ఖైదీలను మళ్లీ ఓడెక్కించారు. అట్లా 1825 ఏప్రిల్‌లో సింగపూర్‌లో దిగిన మొదటి జట్టు 80 మంది. వాళ్లంతా అంతకుముందు మద్రాసు నుంచి పోయినవాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అని గుర్తుంచుకుంటే, ఈ సంగతి మనకు ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

సింగపూర్‌లో రోడ్లు వేసింది, బురదనేలలు పూడ్చింది ఈ ఖైదీలే. సెయింట్ ఆండ్రూస్ చర్చి, గవర్నరు ఉండే భవనం కట్టిన చేతులు వాళ్లవే. ఇంతమందిని కనిపెట్టి ఉండటానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టడం ఖర్చు. అందుకని నడవడిక బాగున్న ఖైదీలను ఎంచి మిగతావాళ్ల మీద పెట్టారు. బెంకూలెన్‌లో 1818 ప్రాంతంలో రాఫిల్స్ దొర ఖైదీలను మూడు తరగతులుగా విడగొట్టడంతో దీనికి బీజం పడింది. సింగపూర్‌లో అది పూర్తి వ్యవస్థగా తయారైంది. అక్కడ ఖైదీల మీద అధికారిగా పనిచేసిన మెక్‌నైర్ 1899లో దీని మీద ఒక పుస్తకమే వేశాడు. పేరు ‘ప్రిజనర్స్ దెయిర్ ఓన్ వార్డర్స్’, అంటే ఖైదీలే తమకు తాము కావలివాళ్లు అని. పుస్తకమంతా మెచ్చుకోలే. నిజంగానే అక్కడ పైకొచ్చిన ఖైదీలున్నారు, పనులు నేర్చినవాళ్లున్నారు, విడుదలయ్యాక అక్కడే స్థిరపడ్డవాళ్లున్నారు. కానీ పుస్తకం ఎవరి వైపు నుంచి రాసిందో మరిచిపోగూడదు. జీతాలు మిగిలిన దొరకు అది విజయగాథ.

రొట్టె, చెంబు, కులం

ఇక్కడ మన నేల మీద సంగతి వేరుగా నడిచింది. 1838కి ముందు చాలా జైళ్లలో ఖైదీకి రోజు బత్తెం డబ్బులిచ్చేవారు. ఎవరికి వాళ్లు కొనుక్కుని వండుకునేవారు. పగలు రోడ్డు పని, రాత్రి జైలు. మెకాలే కూడా సభ్యుడుగా ఉన్న జైలు క్రమశిక్షణ కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. రోడ్డు పని మానిపించి, పెద్ద జైళ్లు కట్టి, లోపల కఠినంగా పని చేయించాలన్నది దాని ఆలోచన. కూడు కూడా జైలే వండి పెట్టాలని తర్వాత ఏర్పాటు చేశారు.

ఆ కమిటీయే ఒక మాట అన్నది. పై కులం మనిషి చేత బలవంతాన ఏదో ఒక వృత్తి పని చేయిస్తే అతనికి జన్మంతా తీరని అవమానం, అతని కుటుంబానికంతా ఘోరమైన శిక్ష అని. వినడానికి దయగా ఉంటుంది. లోతుకు పోతే దీనర్థం ఏమిటి? ఒకే నేరానికి ఒకే శిక్ష వేసినా, పై కులంవాడికి మైల పని అదనపు శిక్ష అవుతుంది, కింది కులంవాడికి కాదు. ఎందుకంటే వాడికది అలవాటు. ఈ ‘అలవాటు’ను పట్టుకోండి. మన జైలు చరిత్ర అంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఉమ్మడి వంట పెట్టగానే 1840ల్లో బీహారు జైళ్లు భగ్గుమన్నాయి. ఎవరు వండిందో తెలియని కూడు తినేది లేదన్నారు. 1855లో ఆరా, ముజఫర్‌పూర్ జైళ్లలో ఇత్తడి చెంబులు లాక్కుని మట్టి ముంతలు ఇవ్వబోతే ఖైదీలతో పాటు ఊరిజనం కూడా లేచారు. సర్కారు వెనక్కి తగ్గి చెంబులు తిరిగి ఇచ్చింది. చరిత్రకారులు దీన్ని వలస ప్రభుత్వం మీద తిరుగుబాటుగా రాస్తారు. అది కాదనను. ఆ తర్వాత రెండేళ్లకే సిపాయిల తిరుగుబాటు వచ్చింది గదా. కానీ ఈ పోట్లాట ఎట్లా సద్దుమణిగిందో కూడా చూడాలి. వంటకు బ్రాహ్మణ ఖైదీలు లేదా ‘తగిన కులం’ వాళ్లు, పాయిఖానాకు మెహతర్లు. సర్కారుకూ పై కులాల ఖైదీలకూ మధ్య కుదిరిన రాజీ ఇది. ఆ రాజీ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో ఏ తిరుగుబాటు కథలోనూ లేదు. అంటరాని ఖైదీకి వంటింటి గడప అప్పుడే మూసుకుంది.

డేవిడ్ ఆర్నాల్డ్ 1994లో సబాల్టర్న్ స్టడీస్ ఎనిమిదో సంపుటంలో రాసిన వ్యాసం ఇక్కడ పనికొస్తుంది. యూరప్ గురించి ఫూకో చెప్పిన సర్వం చూసే కన్ను మన జైళ్లకు అట్లాగే వర్తించదని, ఇక్కడ జైలు లోపలి జీవితంలో చాలా భాగం దొరల చేతికి చిక్కలేదని ఆయన చూపించాడు. మంచి పరిశీలన. అయితే దొర చేతికి చిక్కని భాగమంతా స్వేచ్ఛ అనుకుంటే పొరపాటు. దొర కన్ను పడనిచోట కులం కన్ను పడింది. పాకీ పని చేసే ఖైదీకి దొర చూపూ తప్పలేదు, మేటు చూపూ తప్పలేదు.

1894లో వచ్చిన ప్రిజన్స్ యాక్టు ఈ ఏర్పాటుకు చట్టం ముద్ర వేసింది. దాని 23వ సెక్షన్ ప్రకారం జైలు అధికారులుగా నియమితులైన ఖైదీలు శిక్షాస్మృతి అర్థంలో ప్రభుత్వ ఉద్యోగులే. అంటే మేటు మీద చెయ్యి చేసుకుంటే సర్కారు నౌకరు మీద చెయ్యి చేసుకున్నట్టే. జీతం లేదు గానీ అధికారం ఉంది. జీతానికి బదులు శిక్షలో మాఫీ, కొంచెం మేలైన వసతి. రాత్రి కావలి మనిషి, ఓవర్సీరు, వార్డరు అని మెట్లు కట్టారు. వీళ్ల లంచాలూ దౌర్జన్యాలూ ఎంతగా ముదిరాయంటే 1919-20 జైళ్ల కమిటీ కూడా ఈ పద్ధతిని తప్పుపట్టింది. అయినా పోలేదు. చవకైనది కాబట్టి పోలేదు.

ఎవరికి ఏది అలవాటు

ఇక నిబంధనల్లోకి పోదాం. ఇవి దొరల కాలంనాటి పాత కాగితాలు కావు. స్వతంత్ర భారతంలో అచ్చయి, 2024 దాకా పుస్తకాల్లో ఉన్నవి.

పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనలు 1967 నాటివి. వాటిలో 404వ నిబంధన ఓవర్సీరు ఖైదీని రాత్రి కావలికి ఎవరిని పెట్టొచ్చో చెప్తుంది. పారిపోయే సహజగుణం బలంగా ఉన్న వర్గాలవాళ్లు, ఉదాహరణకు సంచార జాతులవాళ్లు, దీనికి పనికిరారు. అంటే కావలి కాసే అర్హత నడవడిక మీద కాదు, పుట్టుక మీద. అదే పుస్తకంలో వంట, వడ్డన ‘తగిన కులం’ ఖైదీలకు. ఊడ్చే పనికి మెహతర్, హరి కులాలు, అవి లేకుంటే చండాలురు మొదలైనవాళ్లు, బయట ఉన్నప్పుడు ఆ ప్రాంతం ఆచారం ప్రకారం అదే పని చేసేవాళ్లయితే. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి: కావలి, వంట, పాకీ. బ్యారక్ లోపల ఊరు ఊరంతా దిగింది. మునసబు ఉన్నాడు, సత్రం వంటవాడు ఉన్నాడు, వెలివాడ ఉంది.

మధ్యప్రదేశ్ 1987 మాన్యువల్‌లో ఇంకో సన్నివేశం ఉంది. ఖైదీలను పాయిఖానాకు వరుసగా పంపే వేళ ప్రతి పాయిఖానా దగ్గరా మెహతర్ నిలబడి, పొడిమట్టితో కప్పని ఖైదీ ఎవరో కన్విక్ట్ ఓవర్సీరు దృష్టికి తేవాలట. నేరుగా కనిపెట్టి ఉండటమంటే ఇదే గదా! ఇందులో దళితుడికి దొరికిన ఒకే ఒక్క కావలి ఉద్యోగం ఇది. మనిషి మీద కాదు, మలం మీద.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఉత్తరప్రదేశ్ నిబంధన. ఇది మరీ పాతది కూడా కాదు, 2022లో తిరగరాసిన మాన్యువల్. 289వ నిబంధనలో ఒక క్లాజు ఇట్లా ఉంది: సాధారణ కారాగార శిక్ష పడిన ఖైదీ చేత నీచమైన పనులు చేయించకూడదు, అయితే అట్లాంటి పనులు చేయడం అలవాటున్న వర్గానికో సమాజానికో చెందినవాడైతే తప్ప. శిక్షల్లో సాధారణ, కఠిన అని రెండు రకాలు. సాధారణ శిక్ష అంటే బలవంతపు పని లేదని అర్థం. కోర్టు ఇద్దరికి సాధారణ శిక్ష వేస్తుంది. ఒకరు బ్రాహ్మణుడో ఠాకూరో, ఇంకొకరు వాల్మీకి. ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి పోతారు. మొదటివాడు కూచుంటాడు. రెండోవాడి చేతికి చీపురు వస్తుంది. జడ్జి రాయని శిక్షను కులం రాసింది. రాజ్యాంగంలో 17వ అధికరణం వచ్చి 72 ఏళ్లయ్యాక అచ్చువేసిన పుస్తకంలో ఈ వాక్యం ఉంది. దాన్ని టైపు చేసినవాడికీ, సరిచూసినవాడికీ, సంతకం పెట్టినవాడికీ ఏ తప్పూ కనబడలేదంటే, అలవాటు ఎవరికున్నట్టు?

గోడలేని జైలు

ఈ ‘అలవాటు’కు ఇంకో ముఖం ఉంది. పాకీ కులానికి మురికి అలవాటు అన్నట్టే, కొన్ని జాతులకు నేరం అలవాటు అన్నారు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు ఉత్తర భారతంలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మన ఎరుకలవాళ్లు దీనికింద పడ్డారు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికిన జనం. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చి ఆ వ్యాపారం పోయింది. తిరగడం మాత్రం నేరమైంది.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతి కింద సెటిల్మెంటుగా వెలసింది. దానికి గోడ లేదు. హాజరు పట్టీ ఉంది, పాసు ఉంది. పాసు లేకుండా పోతే శిక్ష ఉంది. కొంతమందికి అక్కడ సేద్యం చూపించారు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పోయినవాళ్లున్నారు. నేరం చేసినవాడూ చేయనివాడూ, ఆడా మగా అందరూ ఒకే హాజరు కింద. అమెరికా జైలు హాలులో ఆఫీసరు నలభై యాభై మందిని కనిపెడితే, ఇక్కడ ఊరు ఊరినే కనిపెట్టారు. ఈ సెటిల్మెంట్ల మీద మీనా రాధాకృష్ణ చేసిన పరిశోధన 2001లో పుస్తకంగా వచ్చింది. మన విద్యార్థులు చదవాల్సిన పుస్తకం.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దాని చోట్లో ‘అలవాటుగా నేరం చేసేవాళ్ల’ చట్టాలు రాష్ట్రాల్లో నిలబడ్డాయి. జైలు నిబంధనల్లో నేర జాతులు, సంచార జాతులు అనే మాటలు అట్లాగే మిగిలాయి. మన 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనలకు కూడా ఆ వాసన అంటింది. 2024 తీర్పులో వాటి ప్రస్తావన వచ్చింది అందుకే.

మిసిసిపీలో

నల్లజాతి సోదరుల అనుభవాన్ని పక్కన పెట్టుకుంటే మన సంగతి ఇంకా స్పష్టమవుతుంది. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పార్చ్‌మన్ అనే జైలు పొలం 1901లో మొదలైంది. వేల ఎకరాల పత్తి. ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. అక్కడ ఖైదీలకు తుపాకులిచ్చి తోటి ఖైదీల మీద కావలి పెట్టారు. వాళ్లను ‘ట్రస్టీ’లనేవారు, అంటే నమ్మకస్తులు. పారిపోయేవాణ్ణి కాల్చినందుకు క్షమాభిక్షతో విడుదలైనవాళ్లున్నారు. బానిసత్వం పోయాక బానిసల మేస్త్రీ జైల్లో బతికాడన్నమాట. పార్చ్‌మన్ ఖైదీలు 1971లో కోర్టుకెక్కారు. గేట్స్ వర్సెస్ కాలియర్ కేసు అది. 1972లో ఫెడరల్ జడ్జి విలియం కీడీ తుపాకీ ట్రస్టీల పద్ధతినీ, జాతిని బట్టి ఖైదీలను విడగొట్టడాన్నీ ఎత్తేయమన్నాడు. 1974లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. టెక్సస్‌లో ఇట్లాంటి పెత్తనపు ఖైదీల పద్ధతి 1980 నాటి రూయిజ్ తీర్పు తర్వాత పోయింది.

కొత్త ఫెడరల్ జైళ్లలో ఖైదీల నడుమ ఆఫీసర్ని కూచోబెట్టింది కూడా ఆ సంవత్సరాల్లోనే. దానికి కాస్త ముందు, 1971 సెప్టెంబరులో, న్యూయార్క్ రాష్ట్రంలోని అట్టికా జైల్లో తిరగబడ్డ ఖైదీల మీదికి పోలీసులను పంపారు. ఆ ఘటనలో 43 మంది చచ్చిపోయారు. మంచితనంతో వచ్చిన సంస్కరణలు కావివి. కోర్టులో ఖైదీలు నిలబడ్డారు, యార్డులో ఖైదీలు చచ్చిపోయారు. ఆ దేశపు జైళ్లలో నల్లవాళ్లు ఇప్పటికీ తమ జనాభాకు మించి ఉన్నారన్నది వేరే సంగతి. ఆఫీసరు ఊచల కివతల కూచున్నంత మాత్రాన ఎవర్ని లోపల వేయాలో మారదు.

మన దగ్గర కోర్టుకు పోవడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. జర్నలిస్టు సుకన్యా శాంత 2020 డిసెంబరులో జైళ్లలో కులం మీద పరిశోధన కథనం రాసింది. గేటు దగ్గరే కులం అడిగి పాయిఖానాల పనికి పంపిన సంగతులు అందులో ఉన్నాయి. ఆమె 2023లో వేసిన పిటిషన్ మీద 2024 అక్టోబరు 3న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, న్యాయమూర్తులు పార్దీవాలా, మనోజ్ మిశ్రాల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కులాన్ని బట్టి పని, కులాన్ని బట్టి బ్యారక్, పుట్టుకను బట్టి ‘అలవాటు నేరస్తుడు’ అనే ముద్ర, ఇవన్నీ రాజ్యాంగ విరుద్ధమన్నది. మూడు నెలల్లో మాన్యువళ్లు సవరించమన్నది. డిసెంబరు చివర్లో కేంద్ర హోంశాఖ తన నమూనా మాన్యువల్‌నూ 2023 నమూనా చట్టాన్నీ అందుకు తగ్గట్టు మార్చింది.

తీర్పులో పాళయంకోట్టై జైలు సంగతి కూడా ఉంది. అక్కడ తేవర్లను, నాడార్లను, పళ్లర్లను వేరువేరు బ్లాకుల్లో పెట్టారు. కొట్లాటలు జరగకుండా అని అధికారులు చెప్తే మద్రాసు హైకోర్టు 2010ల్లో ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ఉదాహరణ అనిపిస్తుంది. కావలికి మనిషిని పెట్టని సర్కారు, మనిషి చోట్లో కులాన్ని నిలబెట్టింది. ఆ గోడ తీసేస్తే అక్కడ ఎవరో ఒకరు నిలబడాలి. 2022 చివరినాటి లెక్కల్లో మన జైళ్లలో 4,36,266 మంది పట్టేచోట 5,73,220 మంది ఉన్నారు. ఇంత కిక్కిరిసినచోట తాళం పడ్డాక పెత్తనం ఎవరిదో నిబంధన పుస్తకం చూసి చెప్పలేం. అక్కడ పడుకున్నవాణ్ణి అడగాలి.

కులం కాలమ్‌ను జైలు రిజిస్టర్లలోంచి తీసేయమని కూడా తీర్పు చెప్పింది. పని పంచడానికి వాడిన కాలమ్ పోవాల్సిందే. కానీ 2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో హోంశాఖ ఒక లెక్క చెప్పింది. 2019 చివరికి దేశంలోని ఖైదీల్లో 65.90 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఎస్సీలే 20.74 శాతం. 2011 జనాభా లెక్కల్లో మనం 16.6 శాతం. ఎవరో కులం రాసుకున్నారు కాబట్టే ఇది బయటపడింది. జాతీయ నేర రికార్డుల సంస్థ వేసే పుస్తకంలో ఏ కులం ఖైదీలు ఎంతమందో ఉంటుంది. వంటింట్లో ఎవరున్నారు, పాయిఖానా దగ్గర ఎవరున్నారు, రాత్రి తలలు లెక్కపెట్టేది ఎవరు అన్న పట్టిక అందులో ఉండదు.